కాలు కదపకూడని సాయంత్రం

మూడో బంతి లేవలేదు.

సుబ్బరత్నమ్మ నోట్లోంచి గొట్టం తీసేసి ఆయాసపడింది. ప్లాస్టిక్ డబ్బాలో బంతులు మూడూ అడుక్కి జారిపోయాయి.

"ఇంకోసారి పీల్చు పెద్దమ్మా. ఆపరేషన్ లోపు ఊపిరి బాగుపడాల" అంది ఆయా.

"నావల్ల కాదే."

"ఎవర్నన్నా గట్టిగా తలుచుకుని పీల్చు."

సుబ్బరత్నమ్మ కళ్లు మూసుకుని పీల్చింది. మూడు బంతులూ ఒక్కసారే పైకి లేచి నిలబడ్డాయి.

"ఎవర్ని తలుచుకున్నావు?"

"నా మొగుణ్ని చంపినోణ్ని."

ఆయా డబ్బా తుడిచి బల్ల మీద పెట్టింది.

సుబ్బరత్నమ్మది గురజాల దగ్గర పల్లె. డెబ్బై నాలుగేళ్లు. గుండెలో ఒక కవాటం రాయిలా గట్టిపడి మూసుకుపోతోంది. ఛాతీ కోయకుండా, తొడ దగ్గర రక్తనాళంలోంచి కొత్త కవాటం పంపి అమరుస్తామని నరసరావుపేటలో డాక్టరు చెప్పాడు. గురువారం చేస్తామన్నాడు.

ఈ వయసులో అదంతా ఎందుకన్నారు ఊళ్లోవాళ్లు.

"అంకారావు జైలుకి పోయేది నా కళ్లతో చూడాల. అందాకా నా గుండె కొట్టుకోవాల" అందామె.

రెండూళ్లకీ కలిపిన పంచాయతీ ఎన్నికల్లో ఎదురు నిలిచాడని పక్క ఊరి అంకారావు ఆమె భర్త వీరయ్యను పత్తిచేలో నరికాడు. పట్టపగలే. తొమ్మిదేళ్లయింది. చూసినవాళ్లంతా కోర్టుకొచ్చి చూడలేదన్నారు. బెయిలు మీద వచ్చిన అంకారావు బుల్లెట్ బండి మీద ఆమె ఇంటి ముందు నుంచే తిరుగుతున్నాడు.

ఆసుపత్రిలో రెండు రోజులూ ఆ ఆయానే ఆమెకు అన్నీ చేసింది. చక్రాల కుర్చీలో స్కానింగుకు తోసుకెళ్లింది. పంటిలో చీముంటే కొత్త కవాటానికి పాకుతుందని పళ్ల డాక్టరుకు చూపించింది. తొడల దగ్గర వెంట్రుకలు తీస్తుంటే సుబ్బరత్నమ్మ సిగ్గుతో గోడ వైపు తిరిగింది.

"నన్ను నీ కూతురనుకో పెద్దమ్మా."

"నాకు కూతుళ్లు లేరు."

"ఇప్పుడు పుట్టిందనుకో."

ఆసుపత్రికి వచ్చాక సుబ్బరత్నమ్మ నవ్వింది అప్పుడే.

ఆయాకు నలభై ఐదేళ్లుంటాయి. ముఖానికి ఎప్పుడూ మాస్కు. ఆమె పేరు ఎవరూ అడగరు. అందరికీ ఆయమ్మే.

బుధవారం పొద్దున మందు సబ్బుతో స్నానం చేయిస్తుంటే సుబ్బరత్నమ్మ అంది.

"వాడొక్కడే కాదు. వాడి పెళ్లాం కూడా నా మాదిరి ఏడవాల. కూటికి లేక రోడ్డున పడాల."

ఆయా చేతిలో చెంబు ఆగింది.

"ఆమె ఏం చేసింది పెద్దమ్మా?"

"వాడికి వండి పెట్టలా?"

ఆయా మెల్లగా నీళ్లు పోసింది.

మధ్యాహ్నం తోడికోడలు చెన్నమ్మ చూడ్డానికొచ్చింది. ఆయా మాస్కు దించి వరండాలో మంచినీళ్లు తాగుతోంది. చెన్నమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"అక్కా, ఈమెని ఎట్టా రానిచ్చావే?"

"ఎవరే?"

"మా పుట్టింటూరి పిల్లే. అంకారావు పెళ్లాం జయలక్ష్మి."

సుబ్బరత్నమ్మ మంచం పట్టుకుని లేచి నిలబడింది.

"ఏమే, ఇట్రా. నిజమేనా?"

"నిజమే పెద్దమ్మా."

"నేనెవరో తెలిసే నా ఒంటి మీద చెయ్యేశావా?"

"మొదటి రోజే తెలుసు. ఆ ఇంట్లోంచి నేను బయటికొచ్చి ఆరేళ్లు దాటింది."

"చంపడానికొచ్చావు గదే! వాడు పంపాడు గదా!"

"నువ్వు బతకాలనే..."

"నోర్ముయ్!"

సుబ్బరత్నమ్మ కేకలకు వార్డంతా పోగయింది. సూపరింటెండెంటు పరుగున వచ్చాడు.

"ఇది ఇక్కడుంటే నేను ఆపరేషన్ చేయించుకోను. పోలీసులకి చెప్తా. పేపర్లోకి ఎక్కిస్తా."

ఆయన జయలక్ష్మి చెప్పేది వినలేదు. గంటలో ఆమె ఉద్యోగం పోయింది.

వెళ్లేముందు గుమ్మం దగ్గర నిలబడి, "నా మీద కోపంతో ఆపరేషన్ మానుకోబాక పెద్దమ్మా" అంది.

సుబ్బరత్నమ్మ కాండ్రించి ఉమ్మింది.

కిటికీలోంచి చూస్తే, జయలక్ష్మి చేతిసంచితో మండుటెండలో రోడ్డు దాటుతోంది. సుబ్బరత్నమ్మ ఆమె కనుమరుగయ్యేదాకా చూసింది. తొమ్మిదేళ్లకి ఆమె కడుపు కొంచెం చల్లబడింది.

"ఆ ఇంట్లో ఒకదాని కూడన్నా పోగొట్టానే" అంది చెన్నమ్మతో.

గురువారం కొత్త కవాటం అమర్చారు. రెండు గంటలు కూడా పట్టలేదు. "బాగా పనిచేస్తోందమ్మా. కుడికాలు మాత్రం రాత్రిదాకా కదపొద్దు" అన్నాడు డాక్టరు.

సాయంత్రం మేనల్లుడు మహేష్ గురజాల కోర్టు నుంచి నేరుగా వచ్చాడు. వాయిదా ఆ రోజే. వాడి ముఖం వెలిగిపోతోంది.

"అత్తా, సాక్షి దొరికింది! అంకారావు బెయిలు రద్దు చేసి లోపలేశారు."

"ఎవర్రా? ఎవరొచ్చారు?"

"ఒకామె. తనని సాక్షిగా పిలవమని రెండు నెలల కిందటే మన వకీలు చేత అర్జీ పెట్టించిందంట. తెలిస్తే చంపేస్తారని ఆయన మనకి కూడా చెప్పలా. ఆ రోజు వాడి బట్టల నిండా నెత్తురంట. కొడవలి ఎక్కడ పూడ్చాడో కూడా చెప్పింది. వాడు ఎదురుగా గుడ్లురుముతున్నా తడబడలా."

సుబ్బరత్నమ్మ కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారాయి.

"ఇప్పుడెక్కడుందిరా?"

"నడికుడిలో రైలెక్కిందంట. ఎటు పోయిందో ఎవరికీ తెలవదు. చేసే పని కూడా నిన్ననే పోయిందంట పాపం."

"నేను పోయి ఆమె కాళ్లు పట్టుకోవాల. మనింట్లో పెట్టుకుని అన్నం పెట్టాల."

ఆమె లేవబోయింది. నర్సు పరుగున వచ్చి మోకాలు అదిమి పట్టింది.

"కదలకూడదమ్మా!"

"ఎవర్రా ఆ మహాతల్లి? పేరన్నా చెప్పు."

మహేష్ వంగి ఆమె చెవి దగ్గర చెప్పాడు.

"వాడి పెళ్లామే అత్తా, జయలక్ష్మి."