కొసరి వడ్డన

గణేష్‌బాబుని చంపెయ్యాలని నిర్ణయించుకున్నాక జగన్నాథరావు చేసిన మొదటి పని, గారెలకి పప్పు నానబొయ్యమని భార్యకి చెప్పడం.

కత్తి, తుపాకీ అనుకునేరు! గోదావరి జిల్లావాడు. మర్యాద అనేది ఒకటి ఉండగా అంత మోటుపనులు ఎందుకు చేస్తాడు?

ఇద్దరూ చిన్ననాటి నేస్తాలు. రావులపాలెం దగ్గర రోడ్డు పక్కన కలిసి రైసుమిల్లు పెట్టారు. గణేష్‌బాబు పెళ్లి చేసుకోలేదు. నా అన్నవాళ్లు లేరు. "నా తర్వాత నా వాటా కూడా నీదేరా" అని ఎప్పుడో వీలునామా రాసేశాడు.

ఆ పాత మిల్లు మీద ఎవరికీ కన్ను లేదు, నాలుగు లైన్ల హైవే వచ్చేదాకా. పనులు మొదలవగానే హైదరాబాదు నుంచి ఒక పార్టీ దిగింది. అక్కడ హోటలు కడతామంది. వాళ్లు చెప్పిన రేటుకి జగన్నాథరావుకి మూడు రోజులు నిద్రపట్టలేదు. గణేష్‌బాబు మాత్రం ససేమిరా అన్నాడు.

"మన మిల్లురా అది! అమ్మేసి, పొద్దున్నే లేచి ఎక్కడికెళ్తాం?"

"ఎక్కడికైనా వెళ్దాం. కారు కొనుక్కుంటాం కదా!"

"నేను బతికుండగా అమ్మనివ్వనురా."

ఆ మాటే జగన్నాథరావు బుర్రని తొలిచేసింది. బతికుండగా అనే కదా అన్నాడు!

ఆ వేసవిలోనే, యాభై దాటాయి, ఓసారి చూపించుకుందాం రమ్మని గణేష్‌బాబు పోరితే ఇద్దరూ రాజమండ్రిలో గుండె డాక్టరు దగ్గర పరీక్షలు చేయించుకున్నారు. జగన్నాథరావుకి ఆసుపత్రి వాసనంటేనే హడలు. ఒంటి మీద వైర్లు తీసీ తియ్యగానే చొక్కా బొత్తాలైనా పెట్టుకోకుండా బయటికి పరిగెత్తి, ఎదురు కొట్లో రోజ్‌మిల్క్ తాగుతూ కూర్చున్నాడు. డాక్టరు చెప్పేది వినడానికి గణేష్‌బాబు ఒక్కడే లోపలికి వెళ్లాడు. కాసేపటికి మొహం వేలాడేసుకుని వచ్చాడు.

"నువ్వు గుండ్రాయిలా ఉన్నావట. నాకేరా... గుండె రక్తనాళాలు పూడుకుపోయాయట. నెయ్యి, నూనె, మాంసం ముట్టుకుంటే ఇక చెప్పలేం అన్నారు. నాతోపాటు నువ్వూ మానెయ్యరా. తోడుంటే తేలిగ్గా ఉంటుంది."

"అయ్యో, తప్పకుండారా!" అన్నాడు జగన్నాథరావు. కళ్లలో నీళ్లు కూడా తెచ్చుకున్నాడు. లోపల మాత్రం పండగే పండగ.

ఆ ఆదివారమే మొదలుపెట్టాడు. గారెలు, నాటుకోడి పులుసు, రొయ్యల వేపుడు, గరిటెలకొద్దీ నెయ్యి, పూతరేకులు. అరిటాకులో అన్నానికి చోటు లేదు.

"వద్దురా, డాక్టరు గారు..."

"ఒక్కపూటకి ఏం కాదులే! మా ఆవిడ పొద్దుటి నుంచి పొయ్యి దగ్గరే నిలబడింది. నువ్వు తినకపోతే అలిగి పడుకుంటుంది."

"మొహమాటపడకండి అన్నయ్యగారూ!" అంది రత్నమాణిక్యం. పాపం, ఆ ఇల్లాలికి ఏమీ తెలియదు.

గణేష్‌బాబు చెయ్యి కదపలేదు. మన వైపు చుట్టం మొరాయిస్తే ఒకటే మందు. ఇంటాయన పక్కన కూర్చుని తిని చూపించాలి. "ఇదిగో, నేనూ తింటున్నా!" అంటూ జగన్నాథరావు రెండు గారెలు పులుసులో ముంచి నోట్లో కుక్కుకున్నాడు.

అంతే, గణేష్‌బాబు మనసు మారిపోయింది. "ఆగరా, అవన్నీ నాకిచ్చెయ్!" అంటూ జగన్నాథరావు ఆకులోని గారెలు, ముక్కలు, పూతరేకులు తన ఆకులోకి లాగేసుకున్నాడు. ఎంగిలని కూడా చూడలేదు. గబగబా తినేశాడు.

పోయేవాడికి ఇంత ఆకలేంట్రా బాబూ అని జగన్నాథరావు లోపల్లోపల పొంగిపోయాడు.

అది మొదలు ప్రతి ఆదివారం విందే. గణేష్‌బాబు వద్దనడం, జగన్నాథరావు తిని చూపించడం, గణేష్‌బాబు ఇద్దరి ఆకులూ ఊడ్చెయ్యడం. అతను వెళ్లాక గిన్నెల్లో మిగిలింది పారెయ్యడమెందుకని రాత్రికి జగన్నాథరావే కానిచ్చేసేవాడు.

గణేష్‌బాబు చాదస్తాలకీ లోటు లేదు. "ఒక్కణ్ణీ మాత్రలు మింగాలంటే బెంగగా ఉందిరా. నాకు తోడుగా నువ్వూ ఈ బలం మాత్రలు వేసుకో" అని రోజూ చేతిలో పెట్టేవాడు. పోయేది వాడైతే బలం నాకెందుకని జగన్నాథరావు వాటిని కాలవలో పడేసేవాడు. కాలవగట్టు మీద నడుద్దాం రమ్మంటే, "నువ్వు నడు, నేను స్కూటరు మీద వెనకాలే వస్తా" అనేవాడు.

వేసవి వెళ్లింది. గోదాట్లోకి ఎర్రనీరు వచ్చింది. గణేష్‌బాబు చావలేదు సరికదా, బుగ్గలొచ్చి పెళ్లికొడుకులా తయారయ్యాడు. ఎదురుచూసి ఎదురుచూసి జగన్నాథరావుకే నీరసం వచ్చేసింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. హైదరాబాదు పార్టీ ఒకటే ఫోన్లు.

ఇక లాభం లేదని చివరి దెబ్బ వేశాడు. వేటమాంసం, పులస పులుసు, నేతిలో తేలే సున్నుండలు. ఈ పూటతో తేలిపోవాలి అనుకున్నాడు.

"వద్దురా బాబూ, నీకు దణ్ణం పెడతా" అన్నాడు గణేష్‌బాబు.

"ఇదిగో, నేనూ తింటున్నా..." అంటూ ముద్ద ఎత్తిన జగన్నాథరావు చెయ్యి మధ్యలో ఆగిపోయింది. ఒళ్లంతా చెమటలు పట్టాయి. ఎడమ భుజం లాగేసింది. అలాగే ఆకు మీదికి ఒరిగిపోయాడు.

రత్నమాణిక్యం కేక విని పక్కింటివాళ్లు కారు తెచ్చారు. కారు రాజమండ్రి ఆసుపత్రికని జొన్నాడ వంతెన మీద పరుగెడుతోంది. వెనక సీట్లో స్నేహితుడి తల ఒళ్లో పెట్టుకుని గణేష్‌బాబు చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాడు. జగన్నాథరావు కళ్లు తెరిచాడు. అంత నొప్పిలోనూ అతనికి ఈ అన్యాయం అంతుపట్టలేదు.

"ఒరేయ్... నీకు రావాల్సింది... నాకొచ్చిందేంట్రా?"

గణేష్‌బాబు అతని గుండె మీద చెయ్యి వేసి రాస్తూ భోరుమన్నాడు.

"నిజం చెబితే నువ్వు బెదిరిపోతావని ఆ రోజు అబద్ధమాడానురా జగన్నాథం, డాక్టరు గారు చెప్పిన ఆ పాడు గుండె నాది కాదురా, నీదే!"