అమ్మకు నేర్పిన ఇంగ్లీషు

దుబాయ్‌లో ఇంటిపనికి ఇంగ్లీషు వచ్చినవాళ్ళనే తీసుకుంటామని ఏజెంటు చెప్పాడట. అందుకే మా అమ్మ మా ఊరి ఓష్ బజారులో రొట్టెలు కాల్చి వచ్చి, సాయంత్రం టీ పెట్టుకుని నా ముందు కూర్చునేది. నేను చదివేది ఇంగ్లీషు మీడియం.

"వెళ్ళాను అంటే గోయెడ్, తిన్నాను అంటే ఈటెడ్," అని చెప్పేదాన్ని.

అన్నీ కావాలని చెప్పిన తప్పులే. ఇంటర్వ్యూలో తప్పితే అమ్మ నన్ను వదిలి వెళ్ళదు. పక్కింటావిడ అలాగే వెళ్ళింది, రెండేళ్ళుగా ఫోను కూడా లేదు.

"పూటకో రూపం మార్చే ఈ మాటలకంటే గొర్రెలు నయమే. ఏ కొండెక్కినా చెవి మీది గుర్తు మారదు," అని అమ్మ నవ్వేది. నాకు నవ్వొచ్చేది కాదు.

ఇవాళ ఇంటర్వ్యూ నుంచి వచ్చి, తలగుడ్డ కూడా విప్పకుండా కూలబడింది.

"ఏం అడిగారమ్మా?"

"ఏమీ అడగలేదే. ఏజెంటు చేతులు చూపించమన్నాడు. తందూరులో కాలిన మచ్చలు చూసి, పనికొస్తావన్నాడు. శుక్రవారం విమానం."

నేను లేచి అమ్మకు టీ పోశాను. అమ్మ తన టీ గిన్నె నా వైపు జరిపింది.

"నీ ఇంగ్లీషు మొదటి వారమే బజారులో ఒక టూరిస్టుకి వినిపించా. పొట్ట పట్టుకుని నవ్వాడు. నీకు చెప్తే నా పక్కన కూర్చోవడం మానేస్తావని ఊరుకున్నా."

"అమ్మా..."

"ఏడవకే పిచ్చిదానా. ఇవాళ మాత్రం సరైనవి చెప్పు, తల్లీ. కొట్టారు, కొడుతున్నారు, రోజూ కొడతారు. ఈ మూడూ వస్తే చాలు. అక్కడ ఎవరికైనా చెప్పుకోవాలి కదా."