రాహుకాలం రాకముందే

శనివారం తొమ్మిదింటికి రాహుకాలం. ఎండకు మంచు మెత్తబడేదాకా ఆగమని భార్య లలితకుమారి ఎంత చెప్పినా డాక్టర్ యోగానంద్ వినలేదు. విక్టోరియా రాష్ట్రంలో ఒక మంచుకొండ మీద స్కీలు బిగించుకుని బయల్దేరాడు.

ఆమె ముందుగా దిగి, కింద చదునులో నిలబడింది. అతను వాలు మధ్యలో ఆగిపోయాడు. రాత్రి గడ్డకట్టిన మంచు గాజులా ఉంది. పక్కన లోయ, అందులో బండలు.

"కదల్లేను లలితా. జారితే పోతాను."

ఆమె పకపకా నవ్వింది.

"రాహువు పట్టేశాడా? అక్కడే ఉండండి, కేతువు కూడా వస్తాడు! వెర్రిబీలో మనింటి పెరట్లో బార్బీ పొయ్యి దగ్గర మాత్రం స్కీయింగ్ మీద లెక్చర్లు!"

"నోర్ముయ్!"

"మెట్లు దిగాలన్నా మీకు మీ అమ్మగారు చెయ్యి పట్టుకోవాలి. పాపం, ఆవిడ్ని పిలిపించనా?"

అతని మొహం ఎర్రబడింది. స్కీ అంచును కసిగా మంచులోకి దించి, ఒక అడుగు కిందికి వేశాడు. ఆమె ఎగతాళి ఆపలేదు, అతని స్కీల మీంచి చూపూ తిప్పలేదు. అతను తిడుతూ, పక్కవాటుగా, ఒక్కో అడుగే దిగాడు.

చదునుకు చేరగానే మీదికొచ్చాడు. "ప్రాణం పోతుంటే నవ్వుతావా? ఇక నీతో ఎక్కడికీ రాను."

లలితకుమారి మంచులో కూలబడింది. అతని బూటును రెండు చేతులా వాటేసుకుంది. ఎంత లాక్కున్నా వదల్లేదు.