గాలి స్క్రూ

గోవిందు చేయాల్సిన ద్రోహం చిన్నదే. మోటారు పడవ పెట్రోలు ట్యాంకు మూత మీద ఉండే గాలి స్క్రూను బిగించి పెట్టడం, అంతే.

ఆ కబురు తెచ్చింది సైదాబీ. గాజుల మలారం భుజాన వేసుకుని రెండు పార్టీల ఇళ్లలోకీ జంకు లేకుండా పోగలిగిన మనిషి ఆ ఊళ్లో ఆమె ఒక్కతే.

"ఎవురు పంపినారని అడగొద్దు. ఎల్లుండి నామినేషన్‌కు పోయే పడవ నడిమి నీళ్లల్లో ఆగిపోవల్ల. మూడు దాటేదాకా కదలగూడదు. ఆ స్క్రూ బిగిస్తే సాలంట. పనయినంక పది గొర్రెలు" అంది.

"ఆగినంక ఒడ్డు మీద నుంచి బాంబులేస్తారా?"

"ఒక్కరికీ గీత గూడా పడగూడదంట."

ఎదుటి పార్టీ వాళ్లు ఇంత మర్యాదస్తులు ఎప్పుడయ్యారో గోవిందుకు అంతుబట్టలేదు. కానీ పది గొర్రెలంటే మాటలా! కరువులో మంద మొత్తం అమ్ముకుని పడవ నడుపుకుంటున్నవాడు. సరేనన్నాడు.

పోయినసారి సర్పంచిగా గెలిచిన ఓబులయ్యను ఆర్నెల్లు తిరక్కుండానే చంపేశారు. ఈసారి పదవి ఆడవాళ్లకు రిజర్వయింది. ఓబులయ్యకు అన్న అయిన పెద్దన్న ఆలోచించలేదు, తమ్ముడి భార్య చౌడమ్మ చేత కాగితాల మీద సంతకాలు పెట్టించేశాడు. పెద్దన్న మాటకు కాదన్నవాళ్లు ఆ ఊళ్లో లేరు, చౌడమ్మా కాదనలేదు. బయల్దేరడానికి ముహూర్తం చూపించాల్సిందేనని మాత్రం పట్టుబట్టింది. ఆ ముహూర్తం వెదికి వెదికి ఆఖరి రోజు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు పడింది. నామినేషన్ల గడువేమో మూడింటి వరకే. జమ్మలమడుగు రోడ్డు నిండా ఎదుటి పార్టీ కాపలా. అందుకని మైలవరం డ్యాం నీళ్ల మీదుగా పోయి, మండలాఫీసులో కాగితాలిచ్చి రావాలని పెద్దన్న పథకం.

ఆరోజు గోవిందు చేయాల్సిన పనులన్నీ నిజాయితీగానే చేశాడు. ట్యాంకును ఒడ్డుకు దించి పెట్రోలు నింపాడు. ఫిల్టరులో నీటిచుక్క లేదని చూసుకున్నాడు. పైపు నడుమ ఉన్న రబ్బరు బుడ్డిని గట్టిపడేదాకా పిసికాడు. ఇంతలో పెద్దన్న బీడీ తీసి అగ్గిపుల్ల గీశాడు.

"అప్పా, పారెయ్! పెట్రోలు ఆవిరి మన కండ్లకు కనపడదు. అగ్గి తగిలితే మనం ఎవురి కండ్లకూ కనపడం."

మంచం కింద బాంబుల బుట్ట పెట్టుకుని నిద్రపోయే పెద్దన్న, తేలు కుట్టినట్టు ఉలిక్కిపడి బీడీనీ అగ్గిపుల్లనూ నీళ్లలోకి విసిరేశాడు. ఆ సందట్లో గోవిందు మూత తుడుస్తున్నట్టు తుడుస్తూ స్క్రూ బిగించేశాడు.

పెట్రోలు తగ్గేకొద్దీ ఆ స్క్రూ సందులోంచి ట్యాంకులోకి గాలి పోవాలి. పోకపోతే ట్యాంకు నిండుగా ఉన్నా ఇంజనుకు చుక్క అందదు. ఈ పడవ ఓబులయ్యదే. గోవిందుకు అతను నేర్పిన మొదటి పాఠమూ అదే.

పది నిమిషాలు దూసుకుపోయిన పడవ సరిగ్గా నడిమి నీళ్లలో దగ్గి దగ్గి ఆగిపోయింది. రబ్బరు బుడ్డి చప్పిడి దవడలా లోపలికి పీక్కుపోయింది. అది ఎవరికీ కనబడకుండా గోవిందు గబుక్కున దాని మీద మోకాలు పెట్టాడు.

"ఏందిరా?" అన్నాడు పెద్దన్న.

"ఫిల్టరుకు నలక అడ్డం పడినట్టుంది అప్పా."

విప్పాడు, తుడిచాడు, ఎండబెట్టాడు, బిగించాడు. మళ్లీ విప్పాడు.

"తెడ్డెయ్యిరా!"

తెడ్డు లేదు. గోవిందు దాన్ని ముట్టుకోనేలేదు!

"దొడ్డి గడియ ఇరిగిపోతే నేనే తీసకపోతి బావా" అంది చౌడమ్మ తల వంచుకుని. "మోటారుండంగ తెడ్డెందుకులే అనుకుంటి."

"థూ, ఆడోళ్ల తెలివి!" పెద్దన్న గడియారం చూసుకున్నాడు. రెండున్నర. నడుములోంచి కత్తి తీశాడు. "రేయ్, మూడు లోపల ఇది కదలకపోతే నిన్ను ఈన్నే చేపలకేస్తా."

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. పది గొర్రెలా, ప్రాణమా? గోవిందు చెయ్యి దానంతటదే మూత వైపు పోయింది.

"వాన్ని బెదిరిస్తే ఇంజనుకు తెలుస్తాదా బావా?" చౌడమ్మ అడ్డుపడింది. "చేతులు వణికితే ఇంగా ఆలస్యమైతాది."

కత్తి కిందికి దిగింది. గోవిందుకు సిగ్గు ముంచుకొచ్చింది. ఎవరి నోటి కాడి పదవిని చెడగొడుతున్నాడో, ఆ తల్లే తన ప్రాణం కాచింది. అయినా చెయ్యి మాత్రం వెనక్కి తీసుకున్నాడు.

మూడయింది. పెద్దన్న పడవ ముందుభాగాన కూలబడి, తువ్వాలు ముఖం మీద కప్పుకున్నాడు.

చౌడమ్మ మెల్లగా వెనక్కి వచ్చి, ముఖం కడుక్కుంటున్నట్టు నీళ్ల మీదికి వంగింది.

"ఇంగ ఆ స్క్రూ వదులు చెయ్యి గోవిందూ," అంది గుసగుసగా. "నీ పది గొర్రెలు నా దొడ్లోనే ఉండాయి, తోలుకపో. గడియకు పెట్టిన తెడ్డు మాత్రం తెచ్చి పడవలో ఎయ్యి."