మట్టికి నీళ్లు

కిడ్నీలు చెడిపోయాక ఆయనకి రోజుకి మూడు గ్లాసుల నీళ్లే. కొలిచి ఇచ్చేది నేనే. ఎంత బతిమాలినా నాలుగోది ఇవ్వను.

మంచం దిగలేని మనిషి, పక్కనే బల్ల వేయించుకుని మట్టితో నా మొహం చేస్తున్నారు. "మట్టి ఎండిపోతోందే, చెంబెడు నీళ్లు పట్రా" అంటే పరుగున తెచ్చేదాన్ని. ఇంకా పని మీద ధ్యాస ఉంది కదా అని సంబరం. బొమ్మ మీద గుడ్డ కప్పి, "పూర్తయ్యేదాకా తీయకు" అన్నారు.

ఇవాళ కాళ్లు మొద్దుల్లా వాచాయి. "నీళ్లు ఎక్కువ తాగుతున్నారా?" అని డాక్టరు ఫోన్లో అడిగితే, "ప్రసక్తే లేదండీ" అన్నాను.

ఫోన్ పెట్టేసి గుడ్డ తీశాను. మట్టి మొహం ఎప్పుడో ఎండిపోయి, నుదుటి నుంచి గడ్డం దాకా నెర్రెలు విచ్చింది.

ఆయన గోడవైపు తిరిగారు. "మట్టి ఎండిపోతోందే" అన్నారు మెల్లగా.

గుడ్డ కప్పేసి, చెంబు అందుకున్నాను.