కాలికింది పచ్చిపోగు

బావి మీదికి వంగిన ఈతచెట్టుపై బుచ్చిగాడనే కుర్ర గిజిగాడు పచ్చి ఆకుపోగు కాలికింద నొక్కిపెట్టి, ఎటూ తేల్చుకోలేక కూర్చున్నాడు.

ముడులు నేర్పిన గురువుగారు, “ఇంకో వానకాలం నా దగ్గరుండరా, గాలివానకు ఊడని ముడి నేర్పుతా” అన్నారు.

మేనమామ గిజిగాడు, “నేర్చింది చాల్లేరా అల్లుడూ, ఇప్పుడే గూడు మొదలెట్టు” అన్నాడు.

“మరి మీ గూడేదండీ?” అని బుచ్చిగాడు గురువుగారిని అడిగితే, ఆయన రెక్కలు దువ్వుకున్నారు.

“నీదేది మావా?” అంటే మేనమామ బావిలోకి చూశాడు. నిరుటి గాలికి అతని గూడు అందులోనే పడింది.

బుచ్చిగాడి బుర్ర మరీ తిరిగిపోయింది.

సాయంత్రం జోడు కోసం గూళ్లు చూసుకుంటూ ఓ ఆడపిట్ట వచ్చి వాలి, “కట్టినంతవరకు చూపించు” అంది.

ఒక్క ముడైనా వేద్దామని బుచ్చిగాడు గబగబా పోగు వంచాడు.

పొద్దుటి పచ్చిపోగు ఎండిపోయి, ముక్కులోనే పుటుక్కుమంది.