మూడు వంతుల నీళ్లు

దగ్గరికి జరగండి పిల్లలూ. శనక్కాయలు ఒలుస్తూనే వినండి, చేతులకు పని, చెవులకు కథ.

అవి యుద్ధం రోజులు, పైగా కరువు. హిందూపురం చివర ఒక బావి కింద పన్నెండు కూరగాయల మళ్ళు ఉండేవి. సర్కారు మళ్ళు అనేవాళ్లు. పేదలకు పంచింది కరణం నారాయణప్ప.

ఎవరికీ చదువు రాదు కదా, అందుకని ఎవరి మడి ఏదో గుర్తుకు ఒక్కొక్కరికీ బొమ్మ గీసిన అట్టముక్క ఇచ్చాడు. కుళ్ళాయమ్మకు బీరకాయ వచ్చింది. వేలు పెడితే గరుకు తగులుతుందేమో అన్నట్టుండేది ఆ బొమ్మ. దాన్ని కొంగున ముడేసుకుని తిరిగేది.

ఆమె పక్క మడి దేవసహాయానిది. ఎవరూ ఎరగని మనిషి, మోచేతుల దగ్గర చిరిగిన కోటు. కాసేపు కలుపు తీసేవాడు, కాసేపు కూర్చుని బొమ్మలు గీసేవాడు.

"ఏమప్పా, పురుగు తిన్న ఆకును గీస్తాండావు?" అంది కుళ్ళాయమ్మ.

"దానికీ ఆకలి అయ్యింటాది కదమ్మా."

"పురుగు మింద ఉండే జాలి మా మింద లేకపాయ! నా పిల్లోళ్లు నలుగురు ఉత్త చారునీళ్లు తాగుతాండారు. నీ మడి నాకుంటే రెండు పూట్లా కూడు వండుదును."

మళ్ళవాళ్లంతా నవ్వారు. అతనూ నవ్వాడు.

బావి మీద ఎద్దులను కట్టి కపిల తోలి నీళ్లు తోడితే మడికొక వంతు నీళ్లు. వరసగా మూడు వంతులు పారగట్టుకోనివాడి మడి పక్కవాళ్లకు పోవాలి. అది అందరూ పెట్టుకున్న కట్టుబాటు.

ఆ నెల దేవసహాయం తన వంతుకు పార ముట్టలేదు. ఒళ్లో కాగితం, చేతిలో పెన్సిలు. నీళ్లు కాలువ పొంగి కుళ్ళాయమ్మ మడిలోకి పారాయి.

ఒకటి. రెండు. ఆమె నోరు మూసుకుని లెక్కపెట్టింది.

మూడోసారి కేక పెట్టింది. "చూడండప్పా, సోమరిపోతు! నీళ్లు యాడికి పోతాండాయో కూడా చూడడు!"

పెద్దమనిషి హనుమంతరాయుడు వచ్చాడు. "ఏమప్పా, నిజమేనా?"

"నిజమే. మూడు వంతులూ పోయినాయి."

"అయితే మడి వదిలిపెట్టాల. కట్టుబాటు కట్టుబాటే."

అతను లేచి కోటు దులుపుకున్నాడు. "పార కూడా ఉంచుకో తల్లీ, మొన బాగుండాది," అని ధర్మవరం రైలుకు నడిచిపోయాడు.

మర్నాడు పొద్దున్నే కుళ్ళాయమ్మ పార ఎత్తింది. దాని కింద మూడు కాగితాలు.

మొదటిదాంట్లో వాడిపోయి వేలాడే బీర తీగ. రెండోదాంట్లో తల ఎత్తిన తీగ. మూడోదాంట్లో పూత, పిందెలు. అది ఆమె తీగే. ఆమె పందిరే.

కొంగు ముడి విప్పి అట్టముక్కను పక్కన పెట్టి చూసింది. అదే గరుకు, అదే చెయ్యి.

కరణం ఇంటికి పరుగెత్తింది. "సామీ, మా అట్టముక్కల మింద బొమ్మలు ఎవరు గీసినారు?"

కాగితాలు చూసి కరణం కూర్చున్నవాడు లేచి నిలబడ్డాడు. "ఆయప్ప యాడుండాడు?"

"నిన్న... మేమే పంపించేస్తిమి."

"ఎంత పని చేస్తిరే! చెప్పొద్దని నా చేత ఒట్టు వేయించుకున్నాడు గదే!"

కుళ్ళాయమ్మ ఆ మూడు కాగితాలనూ అట్టముక్కతో కలిపి కొంగున ముడేసుకుంది.

మీరు మరిచిపోకండి, రేపు మీ పిల్లలకూ చెప్పండి: సర్కారువి అనుకున్న ఆ పన్నెండు మళ్ళూ, ఆ బావీ, కపిల ఎద్దులూ అతనివే, అన్నీ పంచేశాక తనకోసం అడిగి తీసుకున్నది ఆ ఒక్క మడే.